ద్వారబంధం మీది రంగు

షెడ్డుకి కొత్తగా ఎవరొచ్చినా, మా అక్కకి ముక్కు మీద కోపం అని మా తమ్ముడు ముందే చెప్పి పెడతాడు. వాడు పాత కార్లు విప్పి బిగిస్తాడు, నేను వాటికి రంగు కలుపుతాను. నలుగురూ చూసి భేష్ అనే పని వాడిది. ఎక్కడో ఓ మూల ఛాయ తేడాగా ఉందని తిట్లు తినే పని నాది. కోపం రాకేం చేస్తుంది?

రంగు విషయంలో జనం నోటిని అస్సలు నమ్మకూడదు. మా నాన్న కారు ఆకాశం రంగులో ఉండేదండీ అంటారు. ఏ ఆకాశం, ఏ పూట ఆకాశం? అడిగితే నీళ్ళు నములుతారు. అందుకే నేను మాటలు వినను, పాత రంగు పెచ్చు తెమ్మంటాను. గోటి ముక్కంత పెచ్చున్నా చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

దర్జీ ఆవిడ వచ్చిన రోజు కూడా పెచ్చే అడిగాను. కారు లాక్కొచ్చే బండి వెనకే నడిచి వచ్చింది ఆవిడ. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయినట్టుంది, అలాగే వేలాడుతోంది. కారు పాతదే గానీ ఒళ్ళు గట్టిగానే ఉంది. తమ్ముడు బానెట్ ఎత్తి చూసి నవ్వాపుకోలేకపోయాడు. ఇంజన్ మొత్తం వెండి రంగు కొట్టి ఉంది, గిన్నెల కొట్లో పెట్టినా అమ్ముడుపోయేలా. ఎవరి పనండీ ఇది అన్నాడు. మా మరిది పని అంది ఆవిడ, నవ్వకుండా.

ఆవిడ భర్త మెకానిక్. పోయి చాలా ఏళ్ళయింది. కారు ఆయనది, ఆయన పోయాక ఈ మరిది షెడ్డుకి చేరి అక్కడే ఉండిపోయింది. ఆ మరిది మంచివాడే. అన్న కారు పాడవకూడదని ఇంజన్ విప్పి, కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి, పాత రంగు రవ్వంత కూడా మిగలకుండా కడిగించి, పైన ఈ మెరుపు పూయించాడు. ఇప్పుడాయన ఇల్లు మారుతూ కారుని వదినగారికి అప్పజెప్పాడు. ఆవిడకి సీట్లు అక్కర్లేదు, అద్దాలు అక్కర్లేదు. ఇంజన్‌కి తన భర్త స్వయంగా కలిపి వేసిన రంగు మళ్ళీ పడాలి, అంతే.

ఈ మోడల్ ఇంజన్‌కి కంపెనీ వేసింది బూడిద రంగేనని, డబ్బాల్లో తయారుగా దొరుకుతుందని తమ్ముడు ఉత్సాహంగా చెప్పబోయాడు. కంపెనీ ఏం వేసిందని నేనడగలేదు బాబూ అంది ఆవిడ. వాడు నోరు మూసుకున్నాడు. వాడి నోరు మూయించినవాళ్ళంటే నాకు వెంటనే గౌరవం పుడుతుంది.

ఇద్దరం ఇంజన్ అంతా వెతికాం. డైనమో పట్టీ కింద, బోల్టు రంధ్రాల లోపల, నంబరు రేకు వెనక, నూనె కొలిచే పుల్ల దిగే గొట్టం మొదట్లో. పాత రంగు ఎక్కడైనా దాక్కుంటే ఇలాంటి చోట్లే దాక్కుంటుంది. వెండి గీకితే వట్టి ఇనుము, ఇంకో చోట గీకితే మళ్ళీ వట్టి ఇనుము. చివరికి చేతులు తుడుచుకుని, పెచ్చు లేనిదే నా వల్ల కాదమ్మా అని చెప్పేశాను.

ఆవిడ టేపుని వేలికి చుట్టుకుంది.

"ఇంట్లో ఉంది. కానీ తీసుకురావడానికి రాదు. మీరే రావాలి" అంది.

*

ఆవిడ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషన్, గోడంతా మేకులకి గుచ్చిన దారం ఉండలు. ఎరుపు ఒక్కటే ఎన్ని రకాలుందో! నా రంగు డబ్బాల వరసకంటే ముచ్చటగా సర్ది ఉంది. మనసులో కాస్త కుళ్ళుకున్నాను. వెనక గదికి వెళ్ళే ద్వారబంధానికి తెల్ల ఎనామిల్ వేసి ఉంది, పాతబడినా నిగనిగ పోలేదు. దాని మీద, మగవాడి భుజమంత ఎత్తులో, బొటనవేలితో రాసినట్టు ఒక మరక ఉంది. ఆకుపచ్చ. ఒక చివర మందంగా ఉండి, రెండో చివర తోకలా పలచబడింది.

దాని ముందు నిలబడగానే నాకు రంగు పలచన చేసే థిన్నర్ వాసన వచ్చింది, అప్పుడే డబ్బా మూత తీసినట్టు. నేను ముక్కు ఎగబీల్చడం ఆవిడ చూసింది. మీకూ వస్తోందా అని అడిగింది. సాయంత్రం పూట రోజూ వస్తుందట. చుట్టుపక్కల రంగుల కొట్టు లేదు, ఎవరింటికీ సున్నం కూడా వేయడం లేదు. చుట్టాలెవరికీ ఆ వాసన తగలదట, ఆవిడకి తప్ప.

ముప్పై ఏళ్ళుగా నా జుట్టుకి, బట్టలకి, చివరికి నేను తాగే నీళ్ళకి కూడా అదే వాసన. ఈ విషయంలో నా ముక్కు సాక్ష్యం చెల్లదని నిజమే చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

అప్పుడు చెప్పింది ఆ మరక సంగతి. ఆ రోజు ఇంజన్‌కి రంగు వేయడం ముగించి, సంబరంగా, చూద్దువు గాని రా అని పిలుస్తూ ఆయన లోపలికొచ్చాడు. చెప్పులు విప్పుతూ తూలి ద్వారబంధం పట్టుకున్నాడు. ఎనామిల్ వేయించి అప్పటికి వారం కూడా కాలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది. కారు దగ్గరికి వెళ్ళను కూడా వెళ్ళకుండా, ఆ మరకనే చూసి, ఏం రంగండీ అది, చూడటానికే బాగాలేదు, ఇల్లంతా పూస్తారా ఏంటి అని కేకలేసింది. ఆయన నవ్వాడు. ఇంజన్ మీద చూడు, బాగుంటుంది అన్నాడు. ఆవిడ గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టింది. నీ కోపం చల్లారాక చూపిస్తాలే అని ఆయన స్కూటర్ తీసుకుని వీధి చివరికి వెళ్ళాడు. మలుపులోనే లారీ. మరక తోక తుడిచి, మందంగా ఉన్న చివర ఇంకా తుడవబోతుండగా, వీధిలోంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు.

"ఆ మాట మీదే వెళ్ళిపోయారు. ఆ రంగు ఇంజన్ మీద ఒక్కసారి చూడాలి. చూసి, బాగుందండీ అని ఆయనకి చెప్పాలి. వేరే రంగుకి చెబితే ఆ మాట ఆయనకి చేరదు కదమ్మా" అంది.

ఇలాంటప్పుడు ఓదార్చడం నాకు చేతకాదు. సంచీలోంచి నమూనా రేకులు తీసి, కిటికీ రెక్కలు తెరిపించి, ఆ మరక పక్కన ఒక్కో పచ్చా పెట్టి చూడటం మొదలుపెట్టాను.

*

ఆ పచ్చ దొరకడానికి నేను పడ్డ పాట్లు ఆ పైవాడికే తెలియాలి. పసుపు వేస్తే వెలిగిపోతోంది, నలుపు తగిలిస్తే చచ్చిపోతోంది. ఇత్తడి చెంబు అడుగున పట్టే చిలుములా, దిగాలుగా ఉండే పచ్చ అది. కలిపిన ప్రతిసారీ రేకు మీద పూసి, ఆరబెట్టి, ఆవిడ ఇంటికి వెళ్ళి మరక పక్కన పెట్టి, తల అడ్డంగా ఊపి తిరిగొచ్చేదాన్ని. మా తమ్ముడు, పెళ్ళిచూపులకి కూడా ఎవరూ ఇన్నిసార్లు తిరగరక్కా అన్నాడు. చివరికి ఒక రోజు రేకు ఎక్కడుందో మరక ఎక్కడుందో తెలియనంతగా రెండూ కలిసిపోయాయి. గర్వంగా షెడ్డుకొచ్చి ఇంజన్‌కి కొట్టేశాను.

ఆ పచ్చ ఆరలేదు.

ఎండలో పెట్టాం, ఆరలేదు. దీపాలు పెట్టి వేడి చూపించాం, ఆరలేదు. వేలు పెడితే అంటుకుంటోంది. గట్టిపరిచే మందు పాతదయి ఉంటుందని, రంగు కొట్టే గన్‌లో నూనె చుక్క పడి ఉంటుందని నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. అవన్నీ జరిగేవే. కానీ ఒక పొద్దున షెడ్డు తలుపు తీసి చూస్తే ఇంజన్ పైమూత, అదే వాల్వ్ కవర్ మీద బొటనవేలితో ఈడ్చిన గుర్తు ఉంది. ఒక చివర మందం, రెండో చివర తోక.

తమ్ముడి చెయ్యి పట్టుకుని వేళ్ళు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. వాడు నా వేళ్ళు చూశాడు. తాళం మా ఇద్దరి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పిల్లి అయి ఉంటుందన్నాడు వాడు. పిల్లికి బొటనవేలుంటుందా అని కసురుకున్నాను. కానీ ఆ వేళ షెడ్డులో ఒంటరిగా ఉండటానికి భయమేసి, వాడు టీకి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను.

ఆవిడకి ఆ గుర్తు సంగతి చెప్పలేదు. సరిచేసి, రంగు చూసుకోవడానికి రమ్మని కబురు పెట్టాం. మంచి చీర కట్టుకుని వచ్చింది. ఇంజన్ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, నోరు తెరిచి, మళ్ళీ మూసింది. కుట్టడానికి వేరే వాళ్ళ బట్ట తెచ్చిచ్చినట్టు ఆ ఇంజన్ని ఎగాదిగా చూసింది. చివరికి నా వైపు తిరిగి, ఇదే కదమ్మా అని అడిగింది.

నన్నడుగుతుందేమిటి? తెలియవలసింది ఆవిడకి. మరకకి అచ్చంగా సరిపోయిందని చెప్పాను. తెలుసంది. అయినా మాట రావడం లేదంది. ఎదురుగా ఎవరూ లేనట్టుంది అంది. నాకు భయం వేసినా కోపంగానే బయటికొస్తుంది. రేకు చంకన పెట్టుకుని, పదండి మీ ఇంటికి, ఇప్పుడే చూద్దాం అని లేవదీశాను.

*

ఆ సాయంత్రం గానీ నా కళ్ళు తెరుచుకోలేదు. ఇంటికి వెళ్ళేసరికి ఎవరో రవిక కోసం కాచుకుని ఉన్నారు. ఆవిడ మిషన్‌కి రెండు చుక్కలు నూనె వేసి, ఆగిపోయిన కుట్టు పూర్తి చేసి పంపించి, నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. వెళ్తూ, చూడకుండానే, చెయ్యి చాచి ఆ మరకని తాకింది. నీళ్ళు తెస్తూ మళ్ళీ తాకింది. గ్లాసు తీసుకెళ్తూ ఇంకోసారి. తాకుతున్నానని ఆవిడకే తెలియదు.

నేను లేచి, జేబురుమాలు వేలికి చుట్టి మరక మీద మెల్లిగా రాశాను. రుమాలుకి పసుపుపచ్చగా జిడ్డంటింది. మిషన్ నూనె. ఇన్నేళ్ళుగా, రోజుకి ఎన్నిసార్లో, ఆవిడ వేళ్ళ నుంచి పొరలు పొరలుగా ఎక్కి, ఎండి, పండిపోయిన నూనె. పచ్చ అనేది పసుపు వెనక నుంచి ఇంకో రంగు తొంగి చూస్తే కనిపించేది. ఇది రంగులు కలిపే ప్రతివాళ్ళకీ మొదటి రోజే తెలిసే సంగతి. నాకు తట్టలేదు. మరకని అంత శ్రద్ధగా చూశాను గానీ, దాన్ని తాకే చేతిని చూడలేదు.

నేను ఇంజన్‌కి వేసింది ఆయన రంగు కాదు. ఆవిడ స్పర్శ.

ఉన్నదున్నట్టు చెప్పాను. పైన ఉన్నది మీ చెయ్యి, ఆయన వేసిన రంగు కింద ఉంది, ఎనామిల్‌కి ఆనుకున్న వైపు, గాలీ నూనే తగలకుండా. చూడాలంటే పెచ్చు లేపాలి. నిగనిగలాడే ఎనామిల్ మీద పడింది కాబట్టి మొత్తంగా ఊడొస్తుంది. తర్వాత ద్వారబంధం మీద ఏమీ మిగలదు.

ఆవిడ వచ్చి మరకకీ నాకూ మధ్య నిలబడింది.

"ఈ ఇంట్లో ఆయనది ఇదొక్కటే ఉంది. బట్టలు ఇచ్చేశాను, పనిముట్లు మరిది పట్టుకెళ్ళాడు. దీన్ని కూడా గీకేస్తే ఆయన ఎక్కడికి వస్తారు?" అంది.

వెళ్ళిరమ్మని కూడా అనలేదు. తలుపు మాత్రం తీసి పట్టుకుంది. నేను దిగి వచ్చేశాను. వీధి మలుపు దాకా థిన్నర్ వాసన నాతోనే వచ్చింది. అది నా బట్టల వాసనే అనుకోవాలని చాలా ప్రయత్నించాను.

తర్వాత ఆవిడ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంజన్ అలాగే, అంటుకునే పచ్చతో, గుడ్డ కప్పుకుని మూల పడి ఉంది. బూడిద రంగు కొట్టేసి పంపించేద్దాం, ఆవిడ కూడా ఊపిరి పీల్చుకుంటుంది అన్నాడు తమ్ముడు. గన్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నాను.

*

ఒక మధ్యాహ్నం ఆవిడ గుండీల డబ్బా పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. డబ్బాలో దూది, దూదిలో పెచ్చు. ఎక్కడా విరగకుండా, తోకతో సహా లేచింది. నేనైనా అంత శుభ్రంగా తీయలేకపోయేదాన్ని.

"కుట్లు విప్పే బ్లేడుతో తీశాను. విప్పడం నాకు కొత్తా, వదినా?" అంది. నన్ను వదినా అనడం అదే మొదటిసారి.

పెచ్చుని చిమటాతో పట్టుకుని వెలుతురులోకి తెచ్చి తిరగేశాను. అడుగు వైపు నీలం. మామూలు నీలం కాదు, కంట్లో పొడిచేలాంటి నీలం. మిగిలిపోయిన డబ్బాలన్నీ కలిపేసి, ఇంజన్ మీద వేసి మంచి పేరు తెచ్చుకుందామనుకున్న మనిషి చేసిన నీలం. నా చేతి కింద నేర్చుకునేవాళ్ళెవరైనా కలిపి ఉంటే పారబోయించేదాన్ని.

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. సీసాడు సిరా ఒలకబోసినట్టుంది అని ఆ రోజు తిట్టానంది. ఆ మాట ఇప్పటిదాకా గుర్తు రాలేదట. పచ్చ అని, పచ్చ రంగుకే తిట్టానని, ఇన్నేళ్ళూ ప్రమాణం చేసి చెప్పేంత నమ్మకంగా ఉందట. రోజూ తాకి తాకి ఆయన రంగుని తన రంగుగా మార్చేసుకుని, దాన్నే ఆయన అనుకున్నానని మెల్లిగా అంది. కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. పెచ్చు తీసిన రోజు నుంచి ఇంట్లో వాసన లేదు. సాయంత్రం అవుతుంది, దీపం పెడుతుంది, కాచుకుని కూర్చుంటుంది. ఏమీ రాదు. ఇల్లు ఇంత ఖాళీగా ఉంటుందని ఆయన పోయినప్పుడు కూడా తెలియలేదంది.

నీలం కలపడం ఒక పూట పని కూడా కాలేదు. నా చెయ్యి దానంతటదే డబ్బాల వైపు వెళ్ళింది, ఎవరో పక్కన నిలబడి ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నట్టు. ఎంత తెలుపు అని నేను కొలవను కూడా లేదు. ఇది నా పద్ధతి కాదు. పచ్చనంతా కడిగేసి, నీలం కొట్టి, తలుపు వేసుకుని ఇంటికొచ్చాం. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూస్తే ఆరిపోయింది, గోరుతో గీరినా గీత పడనంత గట్టిగా. ఎక్కడా వేలి గుర్తు లేదు. ఉంటుందేమోనని దీపం పెట్టి మరీ వెతికాను. లేకపోవడం నాకెందుకో బాధగా అనిపించింది.

*

ఇంజన్ బిగించి, కారుని ఆవిడ ఇంటి వెనక పాక దాకా తమ్ముడే నడిపి తెచ్చాడు. ఉన్నది రెండు వీధుల దూరమే, ఇంజన్ సరిగా వేడెక్కను కూడా లేదు. లోపలికి పిలవడానికి వెళ్తే ద్వారబంధం మీద నా చూపు పడింది. మరక ఉన్న చోట ఎనామిల్ కొత్తదానిలా తెల్లగా, బొటనవేలి ఆకారంలో మెరుస్తోంది. ఆవిడ బయటికొస్తూ చెయ్యి చాచి, అక్కడేమీ తగలక, వెనక్కి తీసుకుంది.

తమ్ముడు బానెట్ ఎత్తాడు. నీలం గుప్పుమని బయటపడింది. పాక చీకటిలో అది ఇంకా ఘోరంగా ఉంది. ఆవిడ దగ్గరికి వచ్చి, చీర కొంగు భుజం మీదికి సర్దుకుని, పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు నిలబడింది. ఈ మాట కోసమే కదా ఇంతా చేసింది. ద్వారబంధం కూడా వదులుకుంది. బాగుందండీ అని ఒక్క మాట. పెదవులు కదిలాయి.

"బాగాలేదు" అంది.

అని, తనే ఉలిక్కిపడింది. తర్వాత ఆగలేదు.

"అప్పుడూ బాగాలేదు, ఇప్పుడూ బాగాలేదు. సిరా ఒలికినట్టే ఉంది. ఎప్పుడు విన్నారు గనక నా మాట! రంగుల ఉండలు గోడ నిండా పెట్టుకుని కూర్చున్నాను కదా, ఒక్కసారి అడిగితే ఏం పోయేది?"

తిడుతోంది, నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి. మేమిద్దరం అక్కడున్నామని మర్చిపోయింది. ఆ గొంతు నేను ఇదివరకు వినలేదు. ఎదురుగా మనిషి ఉంటే తప్ప ఏ పెళ్ళామూ అలా తిట్టదు. నేను ఇంజన్ వెనకకి చూడకుండా ఉండటానికి నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి మొహం తుడుచుకుని, స్టార్ట్ చెయ్యి బాబూ అంది. తమ్ముడు తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి, అందుకుని, సాఫీగా తిరగసాగింది. వేడెక్కుతున్న కొద్దీ దాని మీద నుంచి పలచటి పొగ లేచింది. వాసన వచ్చింది. థిన్నర్, ఎనామిల్, వేడి ఇనుము. ఆ ఇంటి ద్వారబంధం దగ్గర సాయంత్రాలు వచ్చిన వాసనే.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. వస్తోందా వదినా అని అడిగింది. ఈసారి నా ముక్కుకి ఏ అనుమానమూ లేదు. వస్తోందన్నాను.

మా తమ్ముడికి సమయం, సందర్భం ఎప్పుడు తెలుసు గనక! కారులోంచి తల బయటపెట్టి చెప్పాడు.

"కొత్త రంగు కదండీ, మొదట్లో వేడెక్కితే అలాగే వస్తుంది. నాలుగైదు సార్లు అలా తిప్పుకొచ్చారంటే పూర్తిగా పోతుంది."

వాడి నెత్తి మీద ఒకటి మొట్టాలనిపించింది. ఆవిడ నా మోచెయ్యి వదిలేసింది. ఇంజన్ చుట్టూ తిరిగి, కిటికీలోంచి లోపలికి వంగి, వాడి మీదుగా చెయ్యి చాచి తాళం తిప్పేసింది. ఇంజన్ ఆగిపోయింది. ఇనుము చల్లబడుతూ టిక్కు టిక్కుమనడం వినిపించింది.

"ఇవాళ్టికి చాలు" అంది.

బండిని అలా నిలబెట్టేస్తే తుప్పు పడుతుందని తమ్ముడు అనబోతుంటే కాలు తొక్కాను. తాళం ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాం. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కుట్టుమిషన్ ముందుండే స్టూలు తెచ్చుకుని బానెట్ ఎదురుగా వేసుకుంటోంది.